గచ్చు

ముహర్రఖ్‌ల ఒక ముత్యాల వర్తకుని పాత ఇల్లు.
సముద్రంల కోసుకొచ్చిన పగడపు రాయి గోడలు,
గోరుతోని గీకితే ఉప్పు రాలుతది.
గూళ్ళకు పూత పెట్టుడు నా పని.
పదకొండేండ్లు సిమెంటు పిసికిన చేతికి
సిమెంటు ముట్టొద్దన్న మొదటి కొలువు.

ఉస్తాద్ గులూమ్‌కు డెబ్బై దాటినయి.
ఇంట్ల ఫార్సీ, గల్లీల అరబ్బీ,
మాతోని విరిగిన హిందీ.
కాంక్రీటు రాకముందు ఇక్కడ చేతులు ఎట్ల తిరిగేవో
ఆయన భుజానికి ఇంక యాదున్నది.
తెల్ల పొడి బస్తా మీద తట్టి
ఒక్క మాట అన్నడు:
"గచ్."

నేను తాపీ కింద పెట్టిన.

ఆ మాట మాది.
మా మెట్‌పల్లి దిక్కు నేలనే గచ్చు అంటం.
"చల్లగున్నది, గచ్చు మీద పండు" అంటం.
నేల మీదికి టైల్స్ వచ్చినయి,
మాట కింద అట్లనే పరిచి ఉన్నది.
గచ్చంటే నేల కాదురా, నేలైన సున్నం అని
చెప్పింది ఈరవ్వ, మా నాయిన తల్లి,
మిద్దెలకు, బావులకు, ఒక గడీకి గచ్చు కొట్టిన కూలి.
సున్నం గానుగల తిరగాలె,
కరక్కాయ నీళ్ళు పడాలె, బెల్లం పడాలె,
దినాలకు దినాలు నానాలె.
ఆడోళ్ళు వరుసల కూసోని
కట్టె పెట్టనలతోని కొట్టాలె, కొట్టాలె,
పెట్టన దిగబడుడు మాని
ఎగిరి దుంకేదాక.
"అప్పుడు గచ్చు. అప్పటిదాంక బురదనే."
ఆమె కుడి మణికట్టు సచ్చేదాక సక్కగ వంగలే.

వీసా మెడికల్‌కని రెండుసార్లు
గచ్చిబౌలి బస్సు ఎక్కిన.
అద్దాల మేడలు చూసిన.
ఆ పేరుల బావి ఏది, దానికేం పూసిండ్రని
పక్క సీటోన్ని అడగలే.

ఇదంత ఉస్తాద్‌కు చెప్పేటంత హిందీ నాకాడ లేదు.
"మాలూమ్, మాలూమ్" అన్న.
పెద్ద గమేళాల నిండ పొడి పోసి
నీళ్ళు గుమ్మరించి
ఈరవ్వ చెప్పినట్టు నిమ్మళంగ కలిపిన.
నానని అనుకోని చాయకు పోయిన.

సగం చాయ తాగి వచ్చి చూస్తే
తాపీ నిలబడి ఉన్నది గమేళాల,
ఎవరో నాటినట్టు.
గమేళా చుట్టు పట్టుకుంటే వెచ్చగ,
జరమొచ్చిన పిల్లగాని కడుపు లెక్క.
గుంజితే రాదు.

ఉస్తాద్ నవ్విన నవ్వుకు పండ్ల సెట్టు జారింది.

ఇక్కడి గచ్ సున్నం కాదు, జిప్సం.
భూమిల తవ్వి, ఖర్జూరం మట్టల మంట మీద కాల్చి,
దంచి, పిడికెడు కలిపి, పిడికెడు పూసి,
మళ్ళ పిడికెడు కలుపుకునేది.
అరబ్బులు దాన్నే జిస్ అంటరట.
మా కాడ నెల పట్టేది
ఈడ నోట్ల నీళ్ళు మింగేలోపు ఐపోతది.

ఎప్పుడో ఎవని నోట్లనో
మా దిక్కు వచ్చి ఉంటది ఈ మాట.
దిగి చూస్తే జిప్సం లేదు, సున్నం ఉన్నది.
సరే అని సున్నానికే పనిచేసింది.
నా వీసా మీద తోటమాలి అని ఉన్నది.
నేను ఇప్పటిదాంక ఒక్క మొక్కకు నీళ్ళు పొయ్యలే.

సుత్తె తీసుకోని ఉస్తాద్ తాపీని విడిపించిండు.
గమేళా బోర్లిస్తే
గమేళా అసొంటిదే తెల్లటిది ఇంకోటి పడ్డది,
నడుమ తాపీ దిగిన చీలిక.
పారేస్తనంటే చెయ్యి పట్టుకున్నడు.
రెండు ముక్కలు చేసి
గూటి వెనుక, పగడపు రాళ్ళ నడుమ సందుల
గట్టిగ కుక్కిండు.
పాత గోడలు ఇప్పితే ఇసొంటివి చాన దొరుకుతయన్నడు.
అన్ని ఎవడో కొత్తోడు కలిపినవేనట.
"నీది ఏ ఊరు?" అని అప్పుడడిగిండు,
మూడు వారాల తర్వాత.

చెప్పిన.
ఆయనకు పలకరాలే.
నేను మళ్ళ చెప్పుకుంట
బస్తాల చెయ్యి పెట్టి
పిడికెడు తీసుకున్న.